స్టాఫ్ టెన్షన్‌లో ఉంటే మేనేజర్ చేతిలో నిజంగా ఏముంది?

టీమ్‌లో ఒకరు లోపల నలిగిపోతున్నారని తెలిసినప్పుడు చాలామంది మేనేజర్లు రెండింట్లో ఒకటి చేస్తారు. పక్కన కూర్చోబెట్టుకుని నాలుగు ధైర్యం మాటలు చెప్తారు, లేదంటే పర్సనల్ విషయాల్లో మనం వేలు పెట్టకూడదని ఊరుకుంటారు. రెండూ చెడ్డ ఉద్దేశంతో చేసేవేమీ కావు. కానీ మరుసటి రోజు పొద్దున ఆ మనిషి డ్యూటీకి వచ్చేసరికి నిన్నటి పనే, నిన్నటి టార్గెటే, నిన్నటి ఫోన్లే ఎదురుచూస్తుంటాయి. నేను హన్మకొండలో గ్రూపు లోన్లు ఇచ్చే ఒక బ్రాంచి చూసుకుంటాను. మడికొండ ఐటీ పార్కులో టీమ్ లీడ్‌గా చేసేవాళ్లు, నయీంనగర్‌లో జూనియర్ కాలేజీలు నడిపేవాళ్లు, విత్తనాల కంపెనీల్లో ఏరియా చూసేవాళ్లు, ఇలా తెలిసినవాళ్లు ఎవరు కలిసినా ఈ విషయంలో అడిగేది ఒకటే: మనమేమన్నా డాక్టర్లమా, మనం ఏం చేయగలం?

చేయగలం. డాక్టర్ చేతిలో లేనిది, ఇంట్లోవాళ్ల చేతిలో లేనిది ఒకటి మేనేజర్ చేతిలో ఉంది. రేపు ఆ మనిషి ఏ పని చేయాలి, ఎంత చేయాలి, ఎవరితో కలిసి చేయాలి, ఎప్పటిలోగా చేయాలి అనేవి మార్చే అధికారం మీది. పూర్తిగా కాకపోయినా మీరు అనుకునేదానికంటే ఎక్కువే ఉంటుంది. మిగతావన్నీ దీని తర్వాతే.

ముందు చిక్కుముడి విప్పుకోవాలి. మన ఆఫీసుల్లో మూడు వేర్వేరు సంగతులు ఒకే గాటన కట్టేస్తారు. నెలాఖరులోనో, ఆడిట్ ముందో, అడ్మిషన్ల సీజన్లోనో వచ్చే ఒత్తిడి ఒకటి. అది పని అయిపోగానే తగ్గుతుంది, రెండ్రోజులు కంటినిండా నిద్రపోతే మనిషి మళ్లీ మామూలైపోతాడు. రెండోది బర్న్‌అవుట్. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆమోదించిన జబ్బుల వర్గీకరణ, అదే ఐసీడీ-11లో, దీన్ని జబ్బుగా కాకుండా పని వల్ల వచ్చే పరిస్థితిగా చేర్చింది. చాలాకాలం సర్దుబాటు కాకుండా ఉండిపోయిన పని ఒత్తిడి వల్ల వచ్చేదని చెప్పి మూడు లక్షణాలు రాసింది: ఒంట్లో శక్తి అంతా అయిపోయినట్టు ఉండడం, చేసే పని మీద విరక్తి పుట్టడం, పని సరిగ్గా చేయలేకపోవడం. మూడోది నిజంగా జబ్బు, అంటే డిప్రెషన్, యాంగ్జైటీ లాంటివి. దిగులు, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, నిద్ర ఆకలి చెడిపోవడం లాంటివి కనీసం రెండు వారాలపాటు దాదాపు రోజంతా ఉంటే డాక్టర్లు డిప్రెషన్ గురించి ఆలోచిస్తారు.

ఈ మూడింట్లో ఏది అని తేల్చడం మీ పని కాదు, తేల్చబోకండి కూడా. నీది డిప్రెషనే అని బాస్ నోటి నుంచి వినడం కంటే ఘోరం ఇంకోటి లేదు. అయితే మూడూ వేరని తెలిసుండడం ఎందుకంటే, మొదటిదానికి రెండ్రోజుల సెలవు చాలు, రెండోదానికి సెలవు ఇచ్చి మళ్లీ అదే పనిలోకి లాగితే ఏ ఉపయోగమూ లేదు, మూడోదానికి వైద్యం కావాలి. బర్న్‌అవుట్ అయిన మనిషికి వారం సెలవిచ్చి, తిరిగొచ్చాక పెండింగ్ అంతా టేబుల్ మీద పెట్టి, ఇంత చేసినా మార్పు లేదని బాధపడే మేనేజర్లు ఎంతమందో.

మరి ఎలా గమనించాలి? ఆ మనిషిని అతని పాత రోజులతోనే పోల్చి చూడండి, పక్కవాళ్లతో పోల్చకండి. ఎప్పుడూ మాట్లాడనివాడు మౌనంగా ఉంటే అందులో ఏమీ లేదు. పొద్దున ఏడింటి సెంటర్ మీటింగ్‌కి (గ్రూపు లోన్ తీసుకున్నవాళ్లు కూడి కిస్తీ కట్టే చోటునే మేం సెంటర్ అంటాం) అందరికంటే ముందుండే పిల్లగాడు వరసగా లేటవుతున్నాడంటే, క్యాష్ లెక్కలో ఎన్నడూ పది రూపాయలు తేడా రాని అమ్మాయి ఈ మధ్య రోజూ రెండుసార్లు లెక్కపెట్టి కూడా తప్పు చేస్తోందంటే, అక్కడ చూడాలి. మన దగ్గర చాలామంది మనసు బాలేదని నోరు తెరిచి చెప్పరు. గ్యాస్ అంటారు, తలనొప్పి అంటారు, నడుము పట్టేసిందంటారు, హాఫ్ డే అడుగుతారు. అది సాకు అనుకోవద్దు, ఒళ్లు నిజంగానే నొస్తుంది, నిద్రలేని ఒంటికి నొప్పులు తప్పవు. ఇంకో రకం కూడా ఉంది, ఎక్కువమంది పట్టించుకోనిది: ఉన్నట్టుండి మరీ ఎక్కువ పని చేసేవాళ్లు. రాత్రి రెండింటికి వాట్సాప్‌లో రిపోర్టు పెట్టినవాడిని మెచ్చుకునే ముందు, రెండింటిదాకా ఎందుకు మేలుకుని ఉన్నాడో అడగాలి.

పని ఎక్కువైతేనే మనిషి చితికిపోతాడా? ఇక్కడ రెండు పాత పరిశోధనలు బాగా పనికొస్తాయి. అమెరికాలో రాబర్ట్ కరాసెక్ 1979లో చెప్పిన లెక్క ప్రకారం పని భారం ఒక్కటే చూస్తే సరిపోదు, ఆ పనిని ఎలా చేయాలో నిర్ణయించుకునే స్వేచ్ఛ ఎంత ఉందో కూడా చూడాలి. భారం ఎక్కువుండి చేతిలో ఏమీ లేని ఉద్యోగాలే మనిషిని ఎక్కువ దెబ్బతీస్తాయి. జర్మనీలో పనిచేసిన యోహానెస్ సీగ్రిస్ట్ 1996లో ఇంకో వైపు నుంచి చూశాడు: మనిషి పెట్టే కష్టానికి, తిరిగి వచ్చేదానికి మధ్య తేడా పెరిగినకొద్దీ ఆరోగ్యం చెడుతుందని. తిరిగి వచ్చేదంటే జీతం ఒక్కటే కాదు, గౌరవం, ఉద్యోగం ఉంటుందన్న భరోసా కూడా.

ఈ రెండింటినీ మన జూనియర్ కాలేజీ లెక్చరర్ మీద పెట్టి చూడండి. పాఠం చెప్పమంటే రోజుకి ఆరు క్లాసులైనా చెప్తాడు, గొంతు పోతుంది గానీ మనిషి పోడు, ఎందుకంటే ఆ పని అతని చేతిలో ఉంది. అదే మనిషిని ఎండాకాలంలో ఊళ్లమీదికి పంపి ఇన్ని అడ్మిషన్లు తెస్తేనే జీతం అంటే? పిల్లను ఏ కాలేజీలో వేయాలో తల్లిదండ్రులు తేల్చుకుంటారు, ఫీజు యాజమాన్యం తేల్చుతుంది, టార్గెట్ మాత్రం ఇతని నెత్తిన ఉంటుంది. చేతిలో లేనిదానికి జవాబు చెప్పాల్సి రావడం, పైగా రెండు నెలల జీతం ఆగడం. ఇలాంటి చోట ఎంత గట్టి మనిషైనా కుంగిపోతాడు. అతనికి ధ్యానం క్లాసు పెట్టిస్తే ఏం లాభం?

మా లైన్లో సంగతి దగ్గరగా చెప్తాను. ములుగు వైపు సెంటర్లు చూసే ఒక ఫీల్డ్ ఆఫీసర్ కొన్ని రోజులుగా మునుపటిలా లేడు. ఆఫీసులో అడిగితే ఏం లేదు సార్ అనేవాడు. నేను కేబిన్‌కి పిలవలేదు, కేబిన్‌కి పిలిస్తే మనవాళ్లు ముందు అనుకునేది ఉద్యోగం పోయిందని. సెంటర్ విజిట్ ఉందని అతని బండి మీదే వెనక కూర్చుని పోయాను. తిరిగి వచ్చేటప్పుడు మల్లంపల్లి దగ్గర చాయ్‌కి ఆగాం.

"తమ్మీ, నిద్ర పడుతుందా?"

"పడుతుంది సార్."

"ఎన్ని గంటలకు?"

చాయ్ గ్లాసు రెండు చేతులతో తిప్పుకుంటూ చాలాసేపు ఏమీ అనలేదు. నేను కూడా ఏమీ అనలేదు.

"మూడు అయితుంది సార్. కండ్లు మూస్తే ఆ ఓడీ లిస్టే కనబడుతుంది. సగం సెంటర్ కడ్తలేదు. వాళ్లకాడ నిజంగనే పైసల్లేవు సార్, ఉన్నయన్ని పత్తిగింజలకు, పిండిబస్తాలకు పెట్టిండ్రు. నేను పోయి ఇంటిముంగట కూసుంటే ఆ అమ్మ మొఖం చూడబుద్ధి అయితలేదు. రాత్రి గ్రూపుల మళ్ల నా పేరే ఎర్రగ వస్తది. మా బాపుకు చెప్తే పరేషాన్ అయితడని చెప్తలేను."

ఓడీ అంటే ఓవర్‌డ్యూ, గడువు దాటినా కట్టని కిస్తీలు; పిండిబస్తాలంటే ఎరువులు. ఆ నాలుగు మాటల్లో మూడు వేర్వేరు బరువులున్నాయి. ఒకటి, కాలం. మా వైపు రైతు ఇంట్లో చేతినిండా డబ్బు ఆడేది పత్తి ఏరి ఎనుమాముల మార్కెట్‌కి తెచ్చాకే, అంటే దసరా దీపావళి దాటాక. ఆ తర్వాత ఎండాకాలం ముందు మిర్చి. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా ఉన్న పైసలన్నీ భూమిలో ఉంటాయి. టార్గెట్ మాత్రం పన్నెండు నెలలూ ఒకే గీత మీద ఉంటుంది. అంటే జూలైలో ఓడీ పెరగడానికి కారణం ఆ పిల్లగాడు కాదు, క్యాలెండర్. రెండోది, లేదని తెలిసిన మనిషిని అడగాల్సి రావడం, ఇది పని అలసట కాదు, మనస్సాక్షికి తగిలే దెబ్బ, దీన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. మూడోది నలుగురిలో పరువు పోవడం. రోజూ రాత్రి కలెక్షన్ లిస్టు స్టాఫ్ వాట్సాప్ గ్రూపులో పడుతుంది, తక్కువ వచ్చినవాళ్ల పేర్లు ఎర్ర రంగులో, కింద ఒక ప్రశ్నార్థకం. దానికి జవాబు రాయలేక, ఫోన్ పక్కన పెట్టలేక ఆ మనిషి మంచం మీద దొర్లుతుంటాడు. గ్రూపు లోన్ తీసుకున్నవాళ్లకి ఉదయం 9కి ముందు, సాయంత్రం 6 తర్వాత ఫోన్ చేయకూడదని రిజర్వ్ బ్యాంక్ 2022లో నిబంధన పెట్టింది. అప్పు తీసుకున్నవాళ్లకి ఇచ్చిన ఆ మర్యాద మన సొంత స్టాఫ్‌కి ఎందుకు ఇవ్వమో నాకు అర్థం కాదు.

ధైర్యంగా ఉండమంటే ఈ మూడింట్లో ఏదీ కదలదు. మేం మార్చినవి చిన్నవే. బాగా మొండిగా ఉన్న రెండు సెంటర్లకి ఒక సీనియర్‌ని తోడు పంపాం. గ్రూపులో పేర్లతో లిస్టు పెట్టడం మానేశాం, ఎవరిది వాళ్లకి పొద్దున విడిగా చెప్తాం. రాత్రి ఏడు దాటితే, డబ్బు పోవడమో యాక్సిడెంటో అయితే తప్ప, ఫోన్ లేదు. రెండు వారాలకి మళ్లీ కూర్చుంటామని తారీఖు వేసుకున్నాం, కూర్చున్నాం. నిద్ర కొంచెం పడుతోందన్నాడు. ఓడీ మాత్రం పత్తి వచ్చేదాకా తగ్గలేదు, అది తగ్గేది కూడా కాదు.

మాట్లాడేటప్పుడు ఇవి చూసుకోండి

ఎలా ఉన్నావంటే బాగున్నా అనే జవాబే వస్తుంది. అందుకే నిద్ర గురించి, తిండి గురించి అడగండి, అవి అడిగితే మనదగ్గర ఎవరూ తప్పుగా తీసుకోరు. మీరు చూసినదాన్ని చూసినట్టు చెప్పండి: ఈ వారంలో మూడుసార్లు లేటైంది, నువ్వు అట్లా రావు కదా, ఏమన్నా ఇబ్బందా? ఇందులో నింద లేదు, గుర్తింపు ఉంది. తర్వాత నోరు మూసుకోవాలి, ఇదే అన్నిటికంటే కష్టం, ఎందుకంటే మేనేజర్ అయ్యాక మనకి ప్రతిదానికీ పరిష్కారం చెప్పే అలవాటు పడిపోతుంది. అందరికీ ఉంటాయి కష్టాలు అన్నారంటే ఆ తలుపు మళ్లీ తెరుచుకోదు. మా కాలంలో అంటూ మొదలుపెట్టినా అంతే.

చివర్లో ఒక్క ప్రశ్న అడగండి: నీ పనిలో ఇప్పుడు ఏ ఒక్కటి తీసేస్తే ఊపిరి ఆడుతుంది? చాలామందికి జవాబు తయారుగా ఉంటుంది, ఇన్నాళ్లూ అడిగినవాళ్లు లేరంతే.

అడగకుండా తీసేయడం మాత్రం వేరే సంగతి. పాపం కష్టంలో ఉన్నాడని మంచి క్లయింట్‌ని, మంచి క్లాసుని ఇంకొకరికి ఇచ్చేస్తే ఆ మనిషికి అది శిక్షలాగే తగులుతుంది, నేను పనికిరానివాడినైపోయాను అనే భయం ఇంకో మెట్టు పెరుగుతుంది. కుంగిపోయినప్పుడు మనిషిని నిలబెట్టేది చాలాసార్లు తను బాగా చేయగలిగిన ఆ ఒక్క పనే. దాన్ని ఉంచి, చుట్టూ ఉన్న చెత్త తీసేయాలి: రెండుసార్లు రాసే రిపోర్టులు, ఊరికే కూర్చునే మీటింగులు, నిమిషానికోసారి వచ్చే ఫోన్లు. ఎంతకాలం అనేది కూడా చెప్పాలి, లేకపోతే అది శాశ్వతం అనుకుని రంది పెట్టుకుంటారు.

తగ్గించిన పని ఎక్కడికో పోదు, పక్కవాళ్ల మీద పడుతుంది. వాళ్లు మొదటి వారం సానుభూతితో చేస్తారు, మూడో వారం గొణుగుతారు, అది న్యాయమే. కారణం చెప్పకుండా, ఏర్పాటు మాత్రం అందరికీ చెప్పండి: ఈ నెలాఖరు దాకా ఈ రూటు ఈయన చూస్తారు, బదులుగా ఈయన ఫలానా పని చేయక్కర్లేదు. కారణం ఎందుకు చెప్పొద్దంటే, వరంగల్, హన్మకొండ, కాజీపేట మూడూ కలిపినా మనవాళ్లకి అది ఒకే ఊరు. ఉద్యోగాలు చాలావరకు తెలిసినవాళ్ల ద్వారా వస్తాయి, టీమ్‌లో ఒకరి బావమరిది ఇంకొకరి ఇంటి పక్కనే ఉంటాడు. పొద్దున మీ చెవిన పడ్డ మాట సాయంత్రానికి వాళ్ల ఊరు చేరిందంటే, పెళ్లి కావాల్సిన పిల్ల సంబంధం కూడా చెడొచ్చు. నమ్మి చెప్పినదాన్ని హెచ్‌ఆర్‌కి చెప్పాల్సి వచ్చినా ముందు ఆ మనిషిని అడిగే చెప్పాలి. అప్రైజల్‌లో దాన్ని బయటికి తీయడమంటే ద్రోహమే.

కారణం ఇంట్లో ఉంటే? తండ్రిని వరంగల్ ప్రభుత్వాసుపత్రి ఎంజీఎంలో చేర్చారు, లోన్ యాప్‌లో ఇరుక్కున్నాడు, ఇంట్లో తాగుడు. అక్కడ మీరు పరిష్కరించగలిగేది తక్కువ, దూరకండి. కానీ డ్యూటీ టైము సర్దడం, సెలవు బతిమాలించుకోకుండా ఇవ్వడం మీ చేతిలోనివే. ఇక కారణం ఆఫీసులోనే ఒక మనిషి అయితే, ముఖ్యంగా ఆడవాళ్లతో ఎవరైనా తప్పుగా ప్రవర్తిస్తుంటే, అది ఓదార్పుతో పోయే విషయం కాదు. పదిమంది, అంతకంటే ఎక్కువ పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలని, పనిచేసే చోట ఆడవాళ్లపై లైంగిక వేధింపుల గురించిన 2013 చట్టం చెప్తోంది, ఫిర్యాదు అక్కడికి వెళ్లాలి, మీరు మధ్యలో రాజీ కుదర్చకూడదు.

స్టాఫ్ టెన్షన్‌కి కారణమైన ఆ మనిషి మీరే కూడా కావొచ్చు. మొహమ్మీద అడిగితే ఎవరూ అవునని చెప్పరు కాబట్టి మీ ఫోన్ తీసి చూసుకోండి, రాత్రి ఎనిమిది తర్వాత ఎవరికి ఎన్ని కాల్స్ చేశారో అందులోనే ఉంటుంది.

డాక్టర్ దగ్గరికి వెళ్లాల్సినప్పుడు

దేశంలో 2015-16లో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ చేసిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, మానసిక సమస్యలున్నవాళ్లలో జబ్బుని బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యమే అందడం లేదు. సిగ్గు ఒక కారణం, ఎక్కడికి వెళ్లాలో తెలియకపోవడం ఇంకోటి. ఈ రెండోది మేనేజర్ తీర్చగలడు. ఫోన్‌లోనే మానసిక సాయం అందించే టెలి మానస్ నంబరు 14416, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టింది, 24 గంటలూ పనిచేస్తుంది, పైసా ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడొచ్చు. ఎంజీఎంలో మానసిక వైద్య విభాగం ఉంది. 2017 మానసిక ఆరోగ్య చట్టం ప్రకారం ఇన్సూరెన్స్ కంపెనీలు ఒంటి జబ్బులకి ఇచ్చినట్టే మానసిక జబ్బులకీ కవర్ ఇవ్వాలి, మీ కంపెనీ గ్రూపు పాలసీలో ఇది ఎలా ఉందో ఇవాళే కనుక్కుని పెట్టుకోండి, అవసరం పడ్డ రోజు వెతకడం కాదు. నెల జీతం 21,000 లోపు ఉండి ఈఎస్‌ఐ కడుతున్న స్టాఫ్‌కి, సరిపడా రోజులు చందా కట్టి ఉంటే, డాక్టర్ సర్టిఫికెట్ మీద ఏడాదికి 91 రోజులదాకా జీతంలో 70 శాతం వస్తుంది. ఫీల్డ్ స్టాఫ్‌లో చాలామందికి ఈ సంగతే తెలియదు, సెలవు పెడితే ఇల్లు గడవదని జబ్బుతోనే బండెక్కుతారు.

చచ్చిపోవాలనిపిస్తోంది, నేను లేకపోతేనే అందరికీ మంచిది, ఇలాంటి మాట ఎవరి నోటి నుంచి వచ్చినా ఊరికే అన్నారనుకోకండి. ఆత్మహత్య ఆలోచన వస్తోందా అని నేరుగా అడగండి. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టిస్తామేమో అనే భయం చాలామందికి ఉంటుంది, అలా జరగదు, అడగడం వల్ల లోపలి బరువు బయటపడే దారి దొరుకుతుంది. అవునంటే ఒంటరిగా వదలొద్దు, ఒంటరిగా బండి మీద ఇంటికి పంపొద్దు, అతను నమ్మే మనిషిని పిలిపించండి, 14416కి మీ ముందే ఫోన్ చేయించండి, లేదా నేరుగా హాస్పిటల్‌కి తీసుకెళ్లండి. ఈ ఒక్క సందర్భంలో ఎవరికీ చెప్పనన్న మాట పక్కన పెట్టాలి, ప్రాణం ముందు. పోలీస్ కేసవుతుందేమో అని కుటుంబాలు దాచిపెడతాయి. ఆత్మహత్యకి ప్రయత్నించినవాళ్లు తీవ్రమైన ఒత్తిడిలో ఉండే అలా చేశారని భావించాలని, శిక్షించకూడదని అదే 2017 చట్టంలోని 115వ సెక్షన్ చెప్తోంది, ఆ మాట ఇంట్లోవాళ్లకి చెప్పండి.

సెలవు తర్వాత తిరిగొచ్చే మొదటి వారం కూడా గట్టిదే. ముందురోజు మీరే ఫోన్ చేసి, రేపు వచ్చాక ఏం పని ఉంటుందో చెప్పండి. పేరుకుపోయినదంతా అప్పటికే సర్ది ఉంచాలి. ఎందుకు రాలేదని ఎవరూ అడగొద్దని టీమ్‌కి చెప్పి పెట్టండి. పని నాణ్యత గురించి మాట్లాడాల్సింది ఉంటే, వారాలు గడిచినా పని కుదురుకోకపోతే, తప్పకుండా మాట్లాడాలి, కానీ అది వేరే రోజు, వేరే కూర్చోవడం. బాగోగులు అడిగిన నోటితోనే అదే కుర్చీలో టార్గెట్ ఎత్తితే రెండోసారి మీకు నిజం చెప్పరు.

ఇంత చెప్పినా మధ్యలో ఉండే మేనేజర్‌కి పై నుంచి కూడా ఫోన్లు వస్తాయని నాకు తెలుసు. ఏరియా మేనేజర్‌తో స్టాఫ్ బాధపడుతున్నారంటే వినరు, నెలవారీ లెక్క తీసుకెళ్లండి. గత రెండు మూడేళ్లలో ఏ నెల ఎంత కట్టారో ఒక కాగితం మీద గీసి పెడితే జూలై పల్లం, డిసెంబర్ ఎత్తు ఎవరికైనా కనబడతాయి. ఒక ఫీల్డ్ ఆఫీసర్ మానేస్తే కొత్తవాడు ఆ ఊళ్లు, ఆ అమ్మలక్కల పేర్లు నేర్చుకునేసరికి ఎన్ని నెలల కలెక్షన్ దెబ్బతింటుందో కూడా చూపించండి. టార్గెట్ సీజన్ ప్రకారం మార్చమని అడగండి. ఒకసారికి ఒప్పుకోరు, ప్రతి క్వార్టర్‌లో అడగాలి. వాళ్లు ఒప్పుకోకపోయినా గ్రూపులో ఎర్ర లిస్టు ఆపడానికి, ఎవరు ఏ రూటుకి పోవాలో మార్చడానికి, రాత్రి ఫోన్ చేయకుండా ఉండడానికి ఎవరి పర్మిషనూ అక్కర్లేదు, రేపటి నుంచే మొదలుపెట్టొచ్చు.